పక్కవాడి దగ్గరున్న మన బడి రోజులు

(రాజేంద్రనగర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

సారు పేరు ఈ హాల్లో అందరికీ తెలుసు. బడిలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, నేనూ పిలవను. సారు అంటే చాలు.

సోషల్ చెప్పిన మనిషిని తలుచుకునేటప్పుడు ఆయన పాఠాలు చెప్పిన తీరు గురించి మాట్లాడడం రివాజు. దాని జోలికి నేను ఎక్కువగా పోను. ఏటా ప్రీఫైనల్ పరీక్షలు అయిపోయాక ఆయన పదో తరగతి చేత ఒక పని చేయించేవారు. ఈ పూట దాని గురించే మాట్లాడతాను. ఇప్పుడు అది ఎక్కడా జరుగుతున్నట్టు నాకు కనబడడం లేదు. జరగాలని నా కోరిక.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వరసగా రెండు పీరియడ్లు తీసుకునేవారు. బెంచీలన్నీ గోడలకు జరిపించి పిల్లలను కింద గుండ్రంగా కూర్చోబెట్టేవారు. ఆయన కూడా వాళ్ల మధ్యే బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. ఒక్కొక్కరూ లేచి మాట్లాడాలి. నియమం ఒకటే. "నీ గురించి నువ్వు చెప్పొద్దు. నీ పక్కన కూసున్నోని గురించి చెప్పు. వాడు ఈ బడికి ఎట్ల వచ్చిండు, ఏం చేసిండు, నువ్వు చూసింది చెప్పు." మొదటి ఇద్దరు ముగ్గురు సిగ్గుపడి "మంచోడు సార్, బాగ చదువుతడు సార్" అని కూర్చుండిపోయేవారు. సారు ఊరుకునేవారు కాదు. "అది ప్రోగ్రెస్ కార్డుల ఉంటది. నువ్వు చూసింది చెప్పు" అని మళ్లీ లేపేవారు. అప్పుడు కట్ట తెగేది.

తెలుగు పంతులమ్మగా నాకు ఆ రెండు పీరియడ్లంటే ప్రాణం. నా క్లాసు లేకపోయినా గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. వ్యాసరచన పోటీల్లో నాలుగు వాక్యాలు రాయడానికి పెన్సిల్ నమిలే పిల్లలు అక్కడ చెప్పిన మాటలు విని నేను నోరెళ్లబెట్టేదాన్ని. ఒకడు లేచి, తన పక్కవాడు ఆరో తరగతిలో చేరిన రోజు చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడని, గుడిలోకి వచ్చినట్టు వచ్చాడని చెప్పాడు. వాళ్లది పాలమూరు వైపు ఊరు. అమ్మానాన్నలు అపార్టుమెంటు పనికి వచ్చి సెల్లార్లో కాపురం పెట్టారు. ఆ పిల్లవాడికి ఆ సంగతే గుర్తు లేదు. "నేను చెప్పులిడిసిన్నా?" అని పక్కవాడినే అడిగాడు. "ఇడిసినవ్‌రా, ఇంటర్వెల్‌ల ఒకటి పోయింది, ఇద్దరం ఎతికినం" అన్నాడు వాడు. క్లాసంతా నవ్వింది. చెప్పులు పోగొట్టుకున్నవాడు మాత్రం నవ్వలేదు. తన బతుకులో ఒక రోజు ఇన్నాళ్లూ ఇంకొకడి దగ్గర ఉందని అప్పుడే తెలిసింది వాడికి.

సారు చేసింది ఇదే. ఐదేళ్లు కలిసి చదివిన క్లాసు తన కాలాన్ని వెనక్కి తిరిగి చూసుకోవాలంటే ఒక్కొక్కరూ ఇంట్లో కూర్చుని తలుచుకుంటే కుదరదు. ఏ ఒక్కరి దగ్గరా మొత్తం ఉండదు. అందరూ ఒక గదిలో ఉండగానే ఆ ముక్కలు కలుస్తాయి. విడిపోయాక ఒక్కో ముక్క ఒక్కో ఊరు వెళ్లిపోతుంది.

దీన్ని ఆయన పుస్తకాల్లో చదివి కనిపెట్టారని నేననుకోను. నామినల్ రోల్స్ రాసేటప్పుడు తట్టి ఉంటుంది. టీచర్లున్నారు కాబట్టి మీకు తెలుసు, అందరం ఎన్ఆర్‌లు అంటాం. చలికాలం వచ్చేసరికి పదో తరగతి పిల్లల వివరాలన్నీ బోర్డుకు పంపాలి. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, మీడియం, గుర్తుపట్టడానికి రెండు పుట్టుమచ్చలు. అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టుకుని సారు ఒక్కొక్కరినీ పిలిచేవారు. మచ్చలు ఎక్కడున్నాయిరా అంటే సగం మంది తెల్లమొహం వేసేవాళ్లు. ముంజేతులు తిప్పి చూసుకునేవాళ్లు, చొక్కా చేతులు పైకి మడిచేవాళ్లు. అంతలో వెనకనుంచి కేక వచ్చేది. "సార్, వానికి మెడ ఎనక ఉంటది, కాలర్ కింద." ఆడపిల్లల వరసలోంచి ఇంకొకటి. "దానికి కుడిచెవి ఎనక సార్, రెండు జడలేస్తే కనబడ్తది." మెడ వెనక మచ్చ ఉన్నవాడు దాన్ని తన కళ్లతో చూసుకోలేడు. వెనక బెంచీలో ఐదేళ్లు కూర్చున్నవాడు చూశాడు. బోర్డు రికార్డులోకి ఎక్కిన ఆ గుర్తు చెప్పింది ఆ స్నేహితుడు. సారు పెన్ను ఆపి, కాలర్ కిందికి దించి చూసి, రాసుకుని, చెప్పినవాడి వైపు ఒకసారి తలెత్తి చూసేవారు. ఆ చూపు నాకు బాగా జ్ఞాపకం.

ఇది రాజేంద్రనగర్‌లో మరీ అవసరమైన పని అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

పల్లెటూరి బడిలో క్లాసు చెదిరినా ఊరు మిగులుతుంది. ఎవరింట్లో ఎవరు పుట్టారో, ఎవడు ఏ చెట్టెక్కి పడ్డాడో చెప్పడానికి రచ్చబండ ఉంటుంది, ముసలమ్మలుంటారు. మన దగ్గర క్లాసు తయారయ్యే తీరు వేరు. ఇక్కడ 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. వరి పరిశోధన, నూనెగింజల పరిశోధన, గ్రామీణాభివృద్ధి సంస్థ, శివరాంపల్లిలో పోలీస్ అకాడమీ వచ్చాయి. వాటిలో పనిచేసే అటెండర్ల పిల్లలు, తోట పనివాళ్ల పిల్లలు మన బళ్లకు వచ్చారు. కాటేదాన్ ఫ్యాక్టరీలకు బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు పిల్లలను వెంటబెట్టుకొచ్చారు. శంషాబాద్‌లో 5,495 ఎకరాల్లో విమానాశ్రయం కట్టారు, 2008 మార్చిలో విమానాలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయింది. అక్కణ్నుంచి కిస్మత్‌పూర్, బండ్లగూడ, బుద్వేల్ పొలాలు ఏమయ్యాయో మీరంతా కళ్లారా చూశారు. మన మున్సిపాలిటీయే 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. ఉర్దూ మాట్లాడే పిల్ల, హిందీ మాట్లాడే పిల్లవాడు, పాలమూరు యాసవాడు, ఇక్కడే పుట్టిన గొల్లకుర్మల ఇంటి పిల్లవాడు ఒకే బెంచీ మీద కూర్చుంటే వాళ్లందరికీ ఉమ్మడి ఊరంటూ ఏదైనా ఉంటే అది ఆ క్లాసే. పదో తరగతి కాగానే అద్దె ఇల్లు మారుతుంది, నాన్న పని మారుతుంది, ఫోన్ నంబరు మారుతుంది. అడుగుదామంటే ఊరు లేదు.

సారు ఎనిమిదో తరగతిని ఏటా హిమాయత్‌సాగర్ కట్ట మీదికి నడిపించుకుపోయేవారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచిన సంగతి, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిన సంగతి, ముందు ఉస్మాన్‌సాగర్, తర్వాత 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయిన సంగతి కట్ట మీద నిలబడి చెప్పేవారు. ఫిబ్రవరిలో పదో తరగతి గుండ్రంగా కూర్చున్నప్పుడు ఆ రోజు ఎలాగూ తలపుకొచ్చేది. మూసీ వరద ఎవరి నోటా వచ్చేది కాదు. ఎవరి టిఫిన్ డబ్బా రాళ్ల మధ్య పడింది, ఎవరు మెట్ల మీద జారారు, జారినవాళ్లను ఎవరు పట్టుకున్నారు, అవే. సారు కొంచెమైనా నొచ్చుకునేవారు కాదు. "1908 పుస్తకంల ఉంటది. మెట్ల మీద జారింది మీ దగ్గర్నే ఉంటది" అనేవారు.

మే నెలలో మన పత్రికల జిల్లా పేజీలు తిరగేస్తే పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాల ఫొటోలు రోజుకు నాలుగైనా ఉంటాయి. ఫలానా ఏడాది పదో తరగతి బ్యాచ్, పాతికేళ్ల తర్వాత కలయిక, గురువులకు శాలువాలు, మెమెంటోలు. నేను చాలా వాటికి వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ కడుపు నిండిన భోజనంతో పాటు కడుపు నిండిన సంతోషంతో తిరిగొచ్చాను. అయితే అక్కడ జరిగేది మీరూ గమనించి ఉంటారు. మైకు పట్టుకుని ఎవరికి వారు పరిచయం చేసుకుంటారు. నేను ఫలానా, ఫలానా చోట ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పాతికేళ్ల తర్వాత అదే చెప్పాలి మరి. అసలు సంగతులు భోజనాల దగ్గర, చెట్టు కింద ఇద్దరు ముగ్గురు గుంపుగా చేరినప్పుడు బయటికొస్తాయి. అవీ సగమే. రావలసినవాళ్లు అందరూ రారు. కొందరు ఉండరు. వాళ్లతో పాటు వాళ్ల దగ్గరున్న మన రోజులు కూడా పోతాయి. అందుకే వెనక్కి చూసుకోవడాన్ని పాతికేళ్లకు వాయిదా వేయొద్దని, పదిహేనేళ్ల వయసులోనే, ఇంకా ఒకే గదిలో ఉండగానే మొదటిసారి జరిగిపోవాలని సారు పట్టుబట్టారు.

ఇక 2020కి వస్తాను. నా మాటల్లో ఎక్కువ భాగం ఈ బ్యాచ్ కోసమే.

ఆ ఏడాది మార్చి నడుమ కరోనా కారణంగా బళ్లు మూసేశారు. పదో తరగతి పరీక్షలు మాత్రం 19న మొదలయ్యాయి. తెలుగు రెండు పేపర్లు, హిందీ పేపరు రాశారు. హైకోర్టు ఆదేశంతో మిగతావి ఆగాయి. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. పదకొండు పేపర్లలో ఎనిమిది మిగిలిపోయాయి. జూన్‌లో పరీక్షలు పెట్టుకోవచ్చని, జీహెచ్‌ఎంసీ పరిధిలో మాత్రం వద్దని హైకోర్టు అంది. మన రాజేంద్రనగర్ ఆ వద్దన్న చోటే ఉంది. రాష్ట్రంలో కొందరికి ఒకలా, కొందరికి ఒకలా ఎలా అని జూన్ 8న ప్రభుత్వం పరీక్షలే రద్దు చేసింది. అంతకు ముందు రాసిన ఫార్మేటివ్ పరీక్షల్లో ఇరవైకి వచ్చిన మార్కులను వందకు పెంచి గ్రేడ్లు ఇచ్చారు. 5,34,903 మంది పాసయ్యారు.

మంచి నిర్ణయమే. ప్రాణం కంటే పరీక్ష పెద్దది కాదు. నా బాధ పరీక్షల గురించి కాదు. మార్చి మూడో వారం నుంచి పదో తరగతి పిల్లలు చేసే పనులు కొన్నుంటాయి. పరీక్ష సెంటరు బయట వేపచెట్టు కింద జవాబులు సరిచూసుకోవడం, ఆఖరి పేపరు రోజు తెల్ల చొక్కాల మీద ఇంకు చల్లుకోవడం, ఒకరి చొక్కా మీద ఒకరు పేర్లు రాసుకోవడం, ఇంటికి పోకుండా గేటు దగ్గర సాయంత్రం దాకా తచ్చాడడం. టీచర్లం మేం వాటిని అల్లరి అనేవాళ్లం. అవే వాళ్ల వీడ్కోలు. కొన్ని బళ్లలో ఫేర్‌వెల్ ముందే అయిపోయింది, తొమ్మిదో తరగతివాళ్లు సమోసాలు పంచారు, ఆడపిల్లలు అమ్మల చీరలు కట్టుకొచ్చారు. కాని అది పరీక్షల ముందు జరిగే సభ. చదువు పూర్తయిన తర్వాత జరిగే ఆ వీడ్కోలు ఈ బ్యాచ్‌కు లేదు. మూడో పేపరు రాసి మళ్లీ కలుద్దాం అనుకుని వెళ్లినవాళ్లు మళ్లీ ఒకచోట కూర్చోలేదు.

అమెరికాలో ఆ ఏడాది మే 16న హైస్కూలు ముగించిన పిల్లల కోసం దేశమంతా టీవీలో ఒక కార్యక్రమం పెట్టారు. ఒబామా వచ్చి వాళ్లతో మాట్లాడారు. టీవీ మాట తరగతి గదికి సాటి రాదు. అయినా మీరు ఒకటి పోగొట్టుకున్నారు, మాకు తెలుసు అని పెద్దవాళ్లు పిల్లల ముఖం మీద చెప్పారు. మన దగ్గర ఆ ముక్క ఎవరం చెప్పాం? చెప్పకపోగా 'కరోనా బ్యాచ్' అని పేరు పెట్టాం. ఉత్తినే పాసైనవాళ్లని పెళ్లిళ్లలో, పేరంటాల్లో నవ్వుకున్నాం. ఇరవై మార్కుల కోసం ఏడాదంతా వాళ్లు రాసిన ప్రాజెక్టులు, స్లిప్ టెస్టులు దిద్దినవాళ్లం మేమున్నాం. ఆ మాట అన్నప్పుడల్లా నాకు మండుకొస్తుంది.

వాళ్ల కష్టం అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. ఇంటర్ ఫస్టియర్ చాలావరకు ఫోన్ తెరమీద, టీశాట్ చానల్లో గడిచింది. పరీక్షలు లేవని సెకండియర్‌లోకి పంపారు. 2021 అక్టోబరులో, సెకండియర్ చదువుతుండగా, మళ్లీ ఫస్టియర్ పరీక్షలు పెట్టారు. డిసెంబరులో ఫలితాలు వస్తే నూటికి 49 మందే గట్టెక్కారు. కొన్ని ఇళ్లలో ఎప్పటికీ తీరని దుఃఖం మిగిలింది. డిసెంబరు 24న ప్రభుత్వం మిగతావాళ్లందరినీ కనీస మార్కులతో పాస్ చేసింది. ముందు పరీక్ష లేకుండా పాస్, తర్వాత పరీక్ష రాసి ఫెయిల్, మళ్లీ వారం తిరిగేసరికి పాస్. పదిహేడేళ్ల పిల్లలు దీన్ని తట్టుకోవాలంటే నీకూ ఇలాగే అయిందిరా అని భుజం మీద చెయ్యి వేసే పాత క్లాసు ఒకటి కావాలి. వీళ్లకు అది సరిగ్గా మూడో పేపరు దగ్గర తెగిపోయింది. పరీక్షల కంటే ఇదే పెద్ద నష్టమని నేను నమ్ముతున్నాను.

2020 అక్టోబరు 13 రాత్రి వాన మీకు గుర్తుంది. మైలార్‌దేవ్‌పల్లి పల్లెచెరువు తెగింది, గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి బెంగళూరు హైవే మీద నీళ్లు పారాయి. హిమాయత్‌సాగర్ గేట్లెత్తారు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ బ్యాచ్ పిల్లవాడొకడు మాస్కు పెట్టుకుని ఆఫీసు గదికి వచ్చాడు. ఇంట్లోకి నడుముల్లోతు నీళ్లొచ్చి ట్రంకుపెట్టెలోని కాగితాలన్నీ ముద్దయ్యాయి. డూప్లికేట్ సర్టిఫికెట్ల కోసం వివరాలు కావాలి. నేను ఎన్ఆర్ కాపీ తీశాను. ఒకటో గుర్తు, మెడ వెనక పుట్టుమచ్చ. "ఇది చెప్పింది ఎవరో యాదికున్నదా?" అని అడిగాను. వెంటనే పేరు చెప్పాడు. "వాడేడున్నడు మేడం? మీకేమన్న తెలుసా? వాని నంబర్ కలుస్తలేదు" అని నన్నే అడిగాడు. రిజిస్టర్లో ఉన్న నంబరు ఇచ్చాను. వాడి దగ్గరున్నదీ అదే. ఆ రెండోవాడి కుటుంబం లాక్‌డౌన్‌లో సొంతూరికి వెళ్లి తిరిగి రాలేదని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడాది బ్యాచ్‌ను కూడా కలుపుకోవాలి. 2021 ఫిబ్రవరి 1న బళ్లు తెరిచి, మార్చి 24 నుంచి మూసేశారు. రెండు నెలలు కూడా నిండలేదు. వాళ్లకూ పరీక్షలు లేవు. రెండు లక్షల మందికి పైగా పదికి పది జీపీఏ వచ్చింది. ఏడాదంతా ముఖాలు సరిగా చూసుకోలేదు, చూసుకున్న రెండు నెలలూ మాస్కుల్లో.

కరోనా పోయింది, బళ్లు మామూలుగా నడుస్తున్నాయి, ఇప్పుడేం లోటు అని మీరడగొచ్చు. నా సమాధానం నచ్చకపోయినా వినండి. ఇవాళ పదో తరగతి ఫేర్‌వెల్ అంటే ఫంక్షన్ హాలు, డీజే, డ్రోన్ కెమెరా. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ వస్తుంది. పిల్లలు అందంగా ఉంటారు, నాకు ముచ్చటే. కాని ఆ మోతలో పక్కవాడి మాట వినబడదు. ఇంకోవైపు నూటికి నూరు శాతం పాస్ కావాలని పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్. రెండు పీరియడ్లు ఇవ్వండి అని ఇప్పుడు హెడ్మాస్టరును అడిగితే సిలబస్ రివిజన్ ఎవరు చేస్తారు అంటారు. ఆయన తప్పు లేదు, పైనుంచి ఆయన్నీ అడిగేవాళ్లున్నారు. సారు కూడా అదే ఒత్తిడిలో పనిచేశారు. ఆ రెండు పీరియడ్లు ఇచ్చినందుకు ఆయన సబ్జెక్టులో ఏ పిల్లవాడూ తప్పలేదు. ఆయన తోటి టీచరుగా దగ్గరుండి చూసి చెబుతున్నాను.

అందుకే ఈ వేదిక నుంచి రెండు అడుగుతున్నాను. ఒకటి, ఇక్కడున్న ప్రధానోపాధ్యాయులను. వచ్చే ప్రీఫైనల్ తర్వాత ఒక్క మధ్యాహ్నం. ఖర్చు లేదు, బ్యానర్ అక్కర్లేదు. బెంచీలు జరపండి, పిల్లలను కింద కూర్చోబెట్టండి, సారు నియమం చెప్పండి. ఎవరైనా రాసిపెడితే ఇంకా మంచిది. సారు అప్పట్లో అలా రాసిపెట్టిన నోటుబుక్కులను ఆయన ఇంటివాళ్లు ఇవాళ ఇక్కడికి తెచ్చారు, సభ తర్వాత చూడండి. పాత బ్యాచ్‌లవాళ్లు మీ పేజీ వెతుక్కోండి. మీ గురించి మీరు ఎన్నడూ వినని మాట ఒకటైనా దొరుకుతుంది.

రెండోది 2020, 2021 బ్యాచ్‌ల పిల్లలకు. మీరిప్పుడు డిగ్రీలు ముగించారు, బీటెక్‌లు ముగిస్తున్నారు, కొందరు ఎయిర్‌పోర్టు కార్గోలో నైట్ షిఫ్టులు చేస్తున్నారు, కొందరమ్మాయిలకు పెళ్లిళ్లయి చంకన పిల్లలున్నారు. వేసవి సెలవుల్లో ఒక ఆదివారం బడి తెరిపిస్తామని ఇప్పుడున్న హెడ్మాస్టరు గారు మాటిచ్చారు. మీ పాత పదో తరగతి గదే. ఫొటోగ్రాఫర్‌ను నేను మాట్లాడతాను. టీచర్లకు ముందు వరస కుర్చీలు, వెనక బెంచీల మీద నిలబడేవాళ్లు, కింద కూర్చునేవాళ్లు, మామూలు గ్రూప్ ఫొటో, అప్పుడు దిగనిది. అడ్మిషన్ రిజిస్టర్లు బల్లమీద పెడతాం. నంబర్లు పోయినవాళ్లను వెతకడానికి రెండు నెలల టైముంది. కాటేదాన్‌లో పాత ఓనరును అడగండి, సైట్ మేస్త్రీని అడగండి, ఊరు పేరు తెలిస్తే ఆ ఊరి బడికి ఫోన్ చేయండి. టీచరుకు టీచరు కాదనరు, అవసరమైతే నేను మాట్లాడతాను. వచ్చినవాళ్లు తమ గురించి చెప్పుకోవద్దు. పక్కన కూర్చున్నవాళ్ల గురించి చెప్పండి. నోటుబుక్కు కొత్తది కొన్నాను, నేనే రాస్తాను.